గోదావరి జిల్లాల నుంచి గుడిస కొండకి ఒక్కరోజు టూరు: బుక్ చేసే ముందు మాట్లాడుకోవాల్సినవి

గుడిస కొండ ఎక్కాలంటే మారేడుమిల్లి మీదుగా వెళ్లాలి. రాజమండ్రిలో ఏ ట్రావెల్స్ వాళ్లకి ఫోన్ చేసినా "మారేడుమిల్లి వన్ డే ప్యాకేజీ" అని ఒక లిస్టు వాట్సాప్‌లో పంపిస్తారు. గుడిస సూర్యోదయం, జలతరంగిణి, అమృతధార, రంప జలపాతం, జంగిల్ స్టార్, రబ్బరు తోట, కాఫీ తోట, భూపతిపాలెం రిజర్వాయరు, మధ్యలో బొంగులో చికెన్. చూడగానే డబ్బులు గిట్టుబాటు అనిపిస్తుంది. అన్నీ నిజంగా ఉన్న చోట్లే, అబద్ధమేం లేదు. కాకపోతే ఒక్క రోజులో అన్నీ తిరగాలంటే ఒక్కో చోట పావుగంట ఆగి, ఫోటో తీసుకుని, డ్రైవర్ హారన్ కొడుతుంటే పరిగెత్తుకొచ్చి బండెక్కాలి. అందుకే మొదటే చెప్తున్నా, ఒక కొండ, ఒక జలపాతం, ఒక భోజనం. ఈ మూడూ తీరిగ్గా అయ్యేలా మాట్లాడుకోండి, మిగతావి దారిలో తగిలితే చూడండి, లేకపోతే వదిలేయండి. పాపికొండల లాంచీ ప్రయాణాన్ని కూడా ఇందులో కలుపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, దానికి వేరే రోజు కావాల్సిందే.

ముందు దూరాల సంగతి. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు, రాత్రిపూట రోడ్డు ఖాళీగా ఉన్నా రెండున్నర గంటలు వేసుకోండి. మారేడుమిల్లిలో మీ బండి దిగి, అద్దె జీపెక్కి పుల్లంగి వైపు వెళ్తే గుడిస ఇంకో 40 కిలోమీటర్ల లోపే, కానీ ఆ 40ని మన హైవే 40తో పోల్చుకోకండి, గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. అమలాపురం, రాజోలు వాళ్లయితే రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరడానికే రెండు గంటలు అదనం. భీమవరం వాళ్లకీ దాదాపు అదే లెక్క, తణుకు వాళ్లకి కాస్త తక్కువ. రాత్రి బండి ఎక్కితే మర్నాడు రాత్రికి ఇల్లు చేరే ప్రయాణం ఇది, పేరుకే ఒక్క రోజు.

ఎప్పుడు వెళ్లాలి అంటే అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. మనవాళ్లు చాలామంది ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత భరించలేక "పదండి మారేడుమిల్లి పోదాం, చల్లగా ఉంటుంది" అని బయల్దేరతారు. మధ్యాహ్నం పన్నెండింటికి మారేడుమిల్లి సెంటర్‌లో నిలబడితే చెమటలు అక్కడా పడతాయి, ఊరు మరీ అంత ఎత్తులో లేదు. చల్లదనం అంతా పైన, గుడిస మీద, అదీ తెల్లారుజామున. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఆరు డిగ్రీల పైచిలుకు తగ్గుతుందని చిన్నప్పుడు చదువుకున్నదే. దానికి గాలి తోడైతే ఇంకా ఎక్కువ అనిపిస్తుంది. డిసెంబరు, జనవరిలో కోనసీమలో దుప్పటి కప్పుకునేంత చలి ఉన్న రోజున గుడిస మీద పళ్లు టకటకలాడతాయి.

అందరూ రీల్స్‌లో చూసి వెళ్లేది గుడిస కింద లోయల్లో పరుచుకునే మబ్బుల కోసమే కాబట్టి అవి ఎలా వస్తాయో తెలుసుకుంటే రోజు ఎంచుకోవడం సులువు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి పెద్దగా లేకపోతే నేల తొందరగా చల్లబడుతుంది, బరువైన చల్లగాలి లోయల్లోకి జారి అక్కడి తేమతో మంచుమేఘంలా పేరుకుంటుంది. మీరు పైనుంటారు, అది కింద ఉంటుంది. ఎండ ఎక్కే కొద్దీ, ఎనిమిది తొమ్మిది గంటలకల్లా కరిగిపోతుంది. అంటే వర్షం పడి రెండు మూడు రోజులు తెరిపిచ్చిన తర్వాత వచ్చే తెల్లవారుజాము మంచి అవకాశం. తుఫాను ముసురు పట్టిన రోజున వెళ్తే మబ్బు కిందా పైనా కాకుండా మీ చుట్టూనే ఉంటుంది, పక్కన నిలబడ్డ మనిషి తప్ప ఏమీ కనపడదు. ఇది ఏ గైడ్ చేతిలోనూ లేదు, మబ్బులు గ్యారంటీ అని చెప్పే ప్యాకేజీ వాళ్లని అక్కడే వదిలేయండి.

ఇక జనం. కార్తీక మాసం ఆదివారాలు, సంక్రాంతి మూడు రోజులు, ఆ మర్నాడు, జనవరి ఒకటి, ఈ రోజుల్లో మాత్రం వద్దు. భోగి నాడు మంటేసి, కనుమ నాడు కోడి తిని, మర్నాడు అల్లుళ్లతో సహా అందరూ ఒకే రోడ్డు మీద పడతారు. జీపులు దొరకవు, దొరికినా రేటు వాళ్లు చెప్పిందే. మంగళవారమో బుధవారమో సెలవు పెట్టుకోగలిగితే అదే కొండ వేరే కొండలా ఉంటుంది.

టైమింగ్ విషయంలో రెండే దారులు. సూర్యోదయం చూడాలంటే డిసెంబరు, జనవరిలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది, ఆరింటికి పైన ఉండాలి, నాలుగింటికి మారేడుమిల్లిలో జీపెక్కాలి, అంటే రాత్రి ఒంటిగంటకి రాజమండ్రి దాటాలి. గుడిస దారిలో గేటు దగ్గర జీపుల్ని ఎన్ని గంటలకి వదులుతున్నారన్నది సీజన్‌ని బట్టి మారుతూ ఉంటుంది కాబట్టి వెళ్లే ముందు రోజు ఆపరేటర్ చేత అక్కడి జీపు వాళ్లకి ఫోన్ చేయించి కనుక్కోండి. రెండో దారి, పొద్దున్నే ఐదింటికి బయల్దేరడం. అప్పుడు గుడిస చేరేసరికి పది అవుతుంది. పచ్చిక ఉంటుంది, గాలి ఉంటుంది, మబ్బులు ఉండవు, ఎండ నడినెత్తికి వస్తుంటుంది. నన్నడిగితే ఐదింటికి బయల్దేరేవాళ్లు గుడిస ఊసెత్తకుండా మారేడుమిల్లి చుట్టుపక్కల అడవి, వాగు, భోజనం అని పెట్టుకోవడమే మేలు. చంటిపిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ముందు రోజు సాయంత్రమే వెళ్లి అటవీశాఖ వాళ్ల వనవిహారిలో పడుకుని తెల్లారుజామున ఎక్కడం అన్నిటికంటే హాయి, కాకపోతే అప్పుడది ఒక్కరోజు టూరు కాదు.

ఇప్పుడు అసలు విషయం, బుకింగ్ ఫోన్ కాల్. ఇక్కడ మొహమాటపడితే రోజంతా టెన్షనే.

మొదట బండి. పసుపు నంబరు ప్లేటు ఉన్న బండేనా అని అడగండి. తెల్ల ప్లేటు అంటే సొంత వాడకానికి రిజిస్టరైన కారు, దాన్ని అద్దెకి తిప్పడం నిబంధనలకి విరుద్ధం, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెట్టడానికి అదొక్కటి చాలు. "మావాడిదేనండి, ఇంటి బండి, కొత్తది" అని తియ్యగా చెప్తారు, వినండి, ఒప్పుకోకండి. బండి నంబరు ముందు రోజు సాయంత్రానికల్లా పంపమనండి. ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

తర్వాత డ్రైవర్. ఇది ఎవరూ అడగరు. రాత్రి ఒంటిగంటకి స్టీరింగ్ పట్టుకున్న మనిషి మర్నాడు సాయంత్రం ఆరింటికి మళ్లీ మిమ్మల్ని రాజమండ్రి తేవాలి. ముందు రోజు పగలు అతను ఎక్కడ తిరిగాడు, పడుకున్నాడా లేదా? "నిన్న పెళ్లి ట్రిప్పుకి వెళ్లొచ్చాడండి, ఏం పర్లేదు, అలవాటే" అంటే వేరే డ్రైవర్ని ఇమ్మనండి. పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్‌లో వెళ్తుంటే ఇద్దరు డ్రైవర్లని అడగడం అత్యాశ ఏమీ కాదు, మనిషికి కాస్త ఎక్కువ పడుతుంది, అంతే. ఒక్కడే ఉంటే మాత్రం మీరు జీపులో గుడిస ఎక్కి దిగే ఆ ఆరేడు గంటలే అతని నిద్ర. ఆ టైములో "ఛార్జర్ కారులో మర్చిపోయాం, కొంచెం తలుపు తియ్యి తమ్ముడూ" అని లేపకండి, పైకి కావాల్సిన సామానంతా ముందే తీసి పెట్టుకోండి.

మూడోది ప్యాకేజీలో ఏమేం కలిపి ఉన్నాయన్నది. ఎక్కువ గొడవలన్నీ ఇక్కడే అవుతాయి. రాజమండ్రి నుంచి వచ్చే బండి సాధారణంగా మారేడుమిల్లిలోనే ఆగిపోతుంది. పైకి బొలేరో, జీపు లాంటి ఎత్తైన బండ్లే వెళ్లాలి, మీ కారుకి కిందంతా రాళ్లు తగులుతాయి. ఆ జీపు అద్దె కలిపి చెప్పారా, వేరేనా? జీపుకి ఎంతమంది? అటవీశాఖ రుసుము, పార్కింగు ఎవరిది? టిఫిను, భోజనం ఎవరిది? డ్రైవర్ భత్యం కలిసిందా? ఫోన్‌లో "అన్నీ మేమే చూసుకుంటామండి, ఆయ్" అన్న మాటతో సరిపెట్టుకోకుండా ఒక్కొక్కటీ వాట్సాప్‌లో టైపు చేసి "ఇంతేగా అండీ?" అని పంపండి, అవతలి నుంచి అవునని వచ్చాకే అడ్వాన్స్ వేయండి. జీపుకి ఎంతమంది అన్నది మరీ ముఖ్యం, చూసుకోకపోతే భీమవరం చేపల లారీలో ఐసు పెట్టెలు సర్దినట్టు సర్దేస్తారు.

నాలుగోది గైడ్. టూరులో గైడ్ ఉంటాడంటే చాలాసార్లు డ్రైవరే గైడ్. అతనికి దారి తెలుసు, హోటలు తెలుసు, అడవి తెలియదు. మారేడుమిల్లిలో అటవీశాఖ ఆధ్వర్యంలో చుట్టుపక్కల గిరిజనులే నడిపే పర్యాటకం ఎన్నో ఏళ్లుగా ఉంది. అక్కడి కుర్రాళ్లలో ఒకర్ని వెంట పెట్టమని అడగండి, మీ ప్యాకేజీలో లేకపోతే విడిగా డబ్బిచ్చి అయినా పెట్టుకోండి. కొండరెడ్ల తెగ కుర్రాడు పక్కనుంటే రోడ్డు పక్కన మీకు గడ్డిలా కనిపించేది కొండచీపురు అని తెలుస్తుంది, జీలుగు చెట్టుకి కల్లు కుండ ఎక్కడ కడతారో తెలుస్తుంది, వానాకాలంలో వెదురు కొమ్ములు ఎలా వండుకుంటారో, కొండవాలు మీద నల్లగా కాలిన నేల ఎందుకుందో చెప్తాడు. అది పోడు, అంటే అడవిని కొట్టి, కాల్చి చేసే సాగు. అన్నిటికన్నా ముఖ్యం, వాగులో ఏ రాయి జారుతుందో అతనికి తెలుసు. అతని కూలి అతని చేతికే ఇవ్వండి.

సామాను తక్కువే చాలు. స్వెట్టరో జర్కినో, చెవులు కప్పుకోవడానికి మఫ్లరు, పొడుగు చేతుల చొక్కా, ఫుల్ ప్యాంటు, పట్టు ఉన్న బూట్లు. రబ్బరు చెప్పులతో మంచుకి తడిసిన గడ్డి మీద నడిస్తే జారడం ఖాయం. టార్చిలైటు, దోమల క్రీము, మంచినీళ్లు. నగదు మర్చిపోవద్దు, రంపచోడవరం దాటాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది. మెలికల రోడ్డులో కడుపులో తిప్పే అలవాటున్న వాళ్లు బండెక్కడానికి గంట ముందు మాత్ర వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కూడా బయటికే వస్తుంది. ఆ మాత్రలు నిద్ర తెప్పిస్తాయి కాబట్టి డ్రైవర్‌కి ఇవ్వకూడదు. బయల్దేరే ముందు బిర్యానీ వద్దు. పులిహోర కట్టుకెళ్తే పొద్దున పైన తినడానికి అంతకన్నా మంచిది లేదు, పుల్లగా ఉంటుంది, మధ్యాహ్నం దాకా పాడవదు. పైకి ఎక్కే ముందే మారేడుమిల్లిలో బాత్రూమ్ పని చూసుకోండి, ముఖ్యంగా ఆడవాళ్లు, పైన సదుపాయాలు ఉంటాయన్న నమ్మకంతో ఎక్కకండి.

రోడ్డు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. బస్సులో వచ్చేవాళ్లకి రాజమండ్రిలో గోకవరం బస్టాండే కలుసుకోవడానికి వీలు. పెట్రోలు గోకవరంలోపే నింపించండి. గోకవరం దాటాక పొలాలు పోయి అడవి మొదలవుతుంది. రంపచోడవరం రాత్రి చీకట్లో దాటేస్తారు, తిరుగు ప్రయాణంలో చూడొచ్చు. 1922లో అల్లూరి సీతారామరాజు మనుషులు పోలీసు స్టేషన్ల మీద పడ్డ ఊళ్లలో ఇదీ ఒకటి. అంతకు ముందే 1879లో కల్లు మీద పన్ను వేసినందుకు ఈ మన్యంలో తిరుగుబాటు లేచింది. రంప పితూరీ అంటే ఈ రంపే.

జీపులో ముందు సీటు పెద్దవాళ్లకి ఇవ్వండి. వెనక బెంచీల మీద కూర్చునేవాళ్లు ఫోన్ జేబులో పెట్టుకుని రెండు చేతులతో కడ్డీ పట్టుకోవాలి, వీడియో సంగతి పైన చూసుకోవచ్చు. పుల్లంగి దాటాక మెరకలు ఎక్కువవుతాయి, ఫస్ట్ గేరులో బండి మూలుగుతూ ఎక్కుతుంటే చలిగాలి ఒక్కసారిగా మొహానికి కొడుతుంది. చెట్లు పలచబడిపోయి చివరికి గడ్డి మాత్రమే మిగులుతుంది. దిగగానే అందరూ ఒకే అంచు మీదకి పరిగెడతారు, మీరు కాస్త పక్కకి నడవండి, కొండ పెద్దది, చోటుకి కరువు లేదు. సూర్యుడు కనిపించే పావుగంట కాకుండా తర్వాతి గంట కూడా ఉండేలా జీపు అతనితో ముందే మాట్లాడుకోండి. మబ్బు విడిపోతూ కింద ఒక్కో గుట్ట బయటపడడం అప్పుడే కనిపిస్తుంది, అప్పటికే సగం జీపులు దిగిపోయి ఉంటాయి. పైన సిగరెట్టు, మంట ఏదీ వద్దు, జనవరి నుంచి గడ్డి ఎండిపోయి ఉంటుంది, అంటుకుంటే ఆపేవాళ్లుండరు. చిప్స్ ప్యాకెట్లు, సీసాలు ఏవి తీసుకెళ్తే అవి కిందకి తెచ్చేయండి. దారిలో గూడేల్లో ఇళ్ల ముందు కూర్చున్నవాళ్లని అడక్కుండా ఫోటోలు తీయకండి, "అమ్మా, ఒక ఫోటో తీసుకోమంటారా" అంటే చాలామంది నవ్వి సరే అంటారు, వద్దంటే వదిలేయండి.

కిందకి దిగేసరికి పది, పదకొండు. వెంటనే చేయాల్సిన పని బొంగులో చికెన్ ఆర్డర్ ఇవ్వడం, ఆకలేశాక ఇస్తే ముప్పావుగంట నకనకలాడుతూ కూర్చోవాలి. రోడ్డు పక్కన నిప్పుల మీద వరసగా బొంగులు పెట్టి తిప్పుతుంటారు. ఒక వైపు కణుపు ఉన్న పచ్చి వెదురు ముక్కలోకి ఉప్పు, కారం, అల్లం వెల్లుల్లి, మసాలా పట్టించిన కోడి ముక్కలు కూరి, మూతికి ఆకులు కుక్కి కాలుస్తారు. నూనె వేయరు, నీళ్లు పోయరు, కోడిలో ఉన్న కొవ్వు, వెదురులో ఉన్న తడి, వాటితోనే ఉడుకుతుంది. చూడాల్సింది రెండు. బొంగు పచ్చగా, కొత్తగా ఉందా అని కాల్చక ముందే చూడండి, ఎండిన బొంగులో ఆ తడీ ఉండదు, వాసనా రాదు. రెండోది, పైన నల్లగా మాడినంత మాత్రాన లోపల ఉడికినట్టు కాదు. జనం ఎక్కువున్న రోజున తొందరపడి తీసేస్తారు. ఆకులో వంపించుకున్నాక పెద్ద ముక్క ఒకటి ఎముక దగ్గర విరిచి చూడండి, ఎర్రగా ఉంటే "ఇంకాస్సేపు పెట్టండి బాబాయ్" అని తిరిగి ఇచ్చేయండి, ఏమీ అనుకోరు. రేటు కేజీ లెక్కనా, బొంగు లెక్కనా అన్నది ముందే తేల్చుకోండి.

చికెన్ ఉడికేలోపు జలపాతం. మారేడుమిల్లికి దగ్గర్లో ఉన్నది జలతరంగిణి, భద్రాచలం రోడ్డులో ఇంకాస్త ముందుకెళ్తే అమృతధార. ఒక్కటి చాలు. మెట్లు, నడక తట్టుకోలేని పెద్దవాళ్లుంటే జలపాతం మానేసి జంగిల్ స్టార్ దగ్గర వాగు ఒడ్డున కూర్చోవచ్చు, వాలి సుగ్రీవులు యుద్ధం చేసుకున్న చోటు ఇదేనని చెప్పుకుంటారు. జలతరంగిణి చూడ్డానికి పిల్లలాటలా ఉంటుంది, కానీ పైన కొండల్లో పడ్డ వాన మీకు కనపడదు, ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి. 2024 సెప్టెంబరులో ఇక్కడే ముగ్గురు వైద్య విద్యార్థులు కొట్టుకుపోయి చనిపోయారు. మనం కాలవల్లో, గోదాట్లో ఈత నేర్చుకున్నవాళ్లమే కావచ్చు, ఆ ఈత రాళ్ల మధ్య పరిగెత్తే నీళ్లలో పనికిరాదు. నీళ్ల రంగు ఎర్రబడుతున్నా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా మాట్లాడకుండా ఒడ్డుకి వచ్చేయండి. గైడ్ వద్దన్న చోట దిగకండి. మందు తాగినవాళ్లని అసలు దింపకండి.

కొనుక్కోవాలంటే కొండచీపుళ్లు, చింతపండు, సీజన్‌లో సీతాఫలాలు సంతలో, రోడ్డు పక్కన దొరుకుతాయి, పది రూపాయల దగ్గర గీచి గీచి బేరమాడకండి. తేనె మాత్రం గిరిజన సహకార సంస్థ దుకాణంలోనే కొనండి, సీసాలో బెల్లం పాకం పోసి అమ్మేవాళ్లు అన్ని చోట్లా ఉన్నారు. జీలుగు కల్లు రుచి చూడాలని సరదా పడేవాళ్లుంటారు, ఆ తర్వాత మెలికల రోడ్డు మీద ప్రయాణం ఉందని గుర్తు పెట్టుకుని మానేయండి.

మూడింటికి బయల్దేరితే చీకటి పడే లోపే గోకవరం దాటేస్తారు. మధ్యాహ్నం భోజనం చేసిన డ్రైవర్‌కి అసలు నిద్ర వచ్చేది ఈ రెండు గంటల్లోనే, అందుకే అందరూ వెనకాల గుర్రు పెట్టకుండా ఒకరు ముందు సీట్లో మేలుకుని కబుర్లు చెప్తూ ఉండాలి, రంపచోడవరంలో టీకి ఆపించాలి. డబ్బులు మిగిలింది బండి దిగాక, వాట్సాప్‌లో రాసుకున్నది చూసుకుంటూ ఇవ్వండి. ఇంటికొచ్చాక వారం నుంచి నెలలోపు చలిజ్వరం వస్తే ప్రయాణం బడలిక అనుకుని పారాసెటమాల్ మింగుతూ కూర్చోవద్దు. మలేరియాకి పేరున్న ప్రాంతం అది, డాక్టర్ దగ్గరికెళ్లగానే "ఏజెన్సీకి వెళ్లొచ్చామండీ" అని ముందు ఆ ముక్క చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.